ఒక్లో సమేరియం కేసు: ఆల్ఫా మారి ఉంటే ఎక్కడ బయటపడేది?

1972లో ఫ్రాన్స్‌లోని పియర్‌లాట్ యురేనియం కర్మాగారంలో, రోజూ చేసే పరీక్షలోనే ఒక అంకె తేడా కొట్టింది. సహజ యురేనియంలో 235 ఐసోటోప్ వాటా 0.7202 శాతం. ఏ గనిలో తవ్వినా, చంద్రుడి రాళ్లలో చూసినా అంతే. ఆ నమూనాలో మాత్రం 0.7171 వచ్చింది. బయటివాళ్లకు అది పట్టించుకోనక్కర్లేని తేడా. యురేనియం-235కి గ్రాముల్లో జమాఖర్చు రాసే చోట మాత్రం కారణం తేలేదాకా నిద్ర పట్టని తేడా. వెనక్కి వెతుక్కుంటూ పోతే ఆ ఖనిజం గాబన్‌లో ఫ్రాన్స్‌విల్ దగ్గరున్న ఒక్లో గనిదని తేలింది. అక్కడి కొన్ని ముక్కల్లో ఈ వాటా 0.44 శాతానికి, ఇంకా కిందికి కూడా పడిపోయి ఉంది. ఆ ముక్కల్లోనే ఉన్న నియోడిమియం, సమేరియం ఐసోటోప్‌ల పాళ్లు ప్రకృతిలో కనిపించేవి కావు. రియాక్టర్‌లో కాలిన ఇంధనంలో కనిపించేవి.

అంటే సుమారు 200 కోట్ల ఏళ్ల కిందట ఆ రాతిలో మనిషి ప్రమేయం లేకుండా రియాక్టర్ నడిచింది. ఇలా జరగొచ్చని పాల్ కురోడా 1956లోనే లెక్క వేసి చెప్పారు. యురేనియం-235 అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు, 238ది 447 కోట్ల ఏళ్లు. వెనక్కి వెళ్లేకొద్దీ 235 వాటా పెరుగుతుంది కాబట్టి ఆనాటికి అది 3 శాతం పైచిలుకు. ఈ కాలపు తేలిక నీటి రియాక్టర్లలో వాడే ఇంధనం దాదాపు అదే మోతాదు. గాలిలో ఆక్సిజన్ పెరిగాక యురేనియం నీటిలో కరిగి కదిలి, ఒకచోట పేరుకుంది. భూగర్భ జలం న్యూట్రాన్ల వేగం తగ్గించింది. వేడెక్కితే నీరు ఆవిరై పోయేది, చర్య ఆగేది, చల్లబడితే నీరు మళ్లీ చేరేది. రాతిలో చిక్కుకున్న జెనాన్ ఐసోటోప్‌లను 2004లో పరిశీలించినవాళ్లు ఈ చక్రాన్ని కూడా చదవగలిగారు: సుమారు అరగంట నడక, రెండున్నర గంటల విరామం. సగటు శక్తి 100 కిలోవాట్ల స్థాయి. లక్షల ఏళ్ల పాటు అదే వరస.

ఈ కథ చాలామందికి తెలిసిందే. నా పని వల్ల నాకు ఆసక్తి కలిగించింది దాని తర్వాతి భాగం. రియాక్టర్ కోర్‌లో న్యూట్రాన్ల జమాఖర్చు చూసేవాళ్లకు సమేరియం-149 రోజూ తగిలే తలనొప్పి. జెనాన్-135 తర్వాత న్యూట్రాన్లను అంత ఆబగా మింగే విచ్ఛిత్తి ఉత్పత్తి ఇదే. అది స్థిరమైన ఐసోటోప్, తనంతట తాను క్షీణించదు. న్యూట్రాన్‌ను మింగి సమేరియం-150గా మారితేనే దాని పీడ వదులుతుంది. 1976లో అలెగ్జాండర్ ష్ల్యాఖ్తర్ ఈ తలనొప్పిలోనే ఒక కొలబద్దను చూశారు. సమేరియం-149 ఆకలి ఎంతన్నది ప్రకృతి మూల స్థిరాంకాల మీద, ముఖ్యంగా విద్యుదయస్కాంత బలాన్ని చెప్పే ఆల్ఫా మీద, విపరీతంగా ఆధారపడి ఉంటుంది. ఒక్లోలో 200 కోట్ల ఏళ్ల నాటి ఆకలి తాలూకు లెక్క రాతిలో అలాగే ఉంది. నాటి ఆకలినీ నేటి ఆకలినీ పోలిస్తే స్థిరాంకం కదిలిందో లేదో తెలుస్తుంది. ఈ కేసులో నేను చేసింది ఆ వాదనను ప్రచురితమైన దత్తాంశంతో మళ్లీ మొదటి నుంచి నడిపి చూడడం, ఏ మెట్టు ఎంత బరువు మోస్తోందో తేల్చుకోవడం.

లెక్కకు ముందు ప్రశ్నను సరిచేసుకోవాలి. "కాంతి వేగం రెట్టింపైతే ఏమవుతుంది?" అని అడిగేవాళ్లు ఎక్కువ. ఆ ప్రశ్నను కొలవడం కుదరదు. 1983 నుంచి మీటరుకు నిర్వచనమే కాంతి వేగం మీద ఉంది, కాబట్టి సెకనుకు 29,97,92,458 మీటర్లన్న అంకె నిర్వచనం ప్రకారమే మారదు. 2019 నుంచి ప్లాంక్ స్థిరాంకం, ఎలక్ట్రాన్ ఆవేశం కూడా అలాగే ఖరారైపోయాయి. కొలబద్ద కూడా దాంతో పాటే సాగితే సాగినట్టు ఎలా తెలుస్తుంది? కొలతకు దొరికేవి యూనిట్లు లేని శుద్ధ సంఖ్యలే. ఆవేశం, ప్లాంక్ స్థిరాంకం, కాంతి వేగం కలిసి ఏర్పడే సూక్ష్మ నిర్మాణ స్థిరాంకం, అంటే ఆల్ఫా, అలాంటిది. విలువ సుమారు 1/137.036. విద్యుదయస్కాంత బలం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశుల నిష్పత్తి 1836.15 మరొకటి. ఈ కేసులో నిందితుడు ఆల్ఫా. మిగతావన్నీ స్థిరంగా ఉన్నాయని ప్రస్తుతానికి అనుకుందాం. ఆ "అనుకుందాం" ఎంత ఖరీదైనదో తర్వాత చూద్దాం.

ఇక సమేరియం. అది ఒక న్యూట్రాన్‌ను పట్టుకుంటే ఏర్పడే సమేరియం-150 కేంద్రకంలో న్యూట్రాన్ బంధన శక్తి సుమారు 7.99 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు (ఎలక్ట్రాన్ వోల్ట్ పరమాణు స్థాయి శక్తికి యూనిట్, మెగా అంటే పది లక్షలు). ఆ కేంద్రకానికి ఉన్న ఉత్తేజిత స్థాయిల్లో ఒకటి సరిగ్గా ఆ గడప మీదే, 0.0973 ఎలక్ట్రాన్ వోల్ట్ పైన ఉంది. నెమ్మదిగా వచ్చే ఉష్ణ న్యూట్రాన్ల శక్తి కూడా ఇంచుమించు అంతే. అందుకే అవి గురి చూసినట్టు ఆ స్థాయిలోకి దూకుతాయి. దీన్నే రెజొనెన్స్ అంటాం. 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌ల బంధనంలో 0.1 లోపు తేడా అంటే ఎనిమిది కోట్లలో ఒక వంతు. ఏనుగును తూచే త్రాసులో బియ్యపు గింజ బరువు కూడా తేల్చినట్టు. ఇది కాకతాళీయం. దీని వెనక ఏ సూత్రమూ లేదు. కేంద్రకాన్ని కలిపి ఉంచే ప్రబల బలం ఒకవైపు, ప్రోటాన్ల మధ్య వికర్షణ ఇంకోవైపు లాగితే చివర్లో మిగిలిన చిల్లర అది. ఆ చిల్లర మీదే మొత్తం కేసు నిలబడింది.

వికర్షణ వాటా ఆల్ఫాతో పాటు పెరుగుతుంది, తరుగుతుంది. అదనపు న్యూట్రాన్ చేరిన కేంద్రకం కొంచెం ఉబ్బుతుంది, ప్రోటాన్ల మధ్య ఎడం పెరిగి వికర్షణ శక్తి కాస్త తగ్గుతుంది. కాబట్టి ఆల్ఫా పెరిగితే రెజొనెన్స్ కిందికి దిగాలి. ఎంత దిగుతుందో 1996లో తిబో దామూర్, ఫ్రీమన్ డైసన్ కేంద్రక వ్యాసార్థాల కొలతల నుంచి అంచనా కట్టారు: ఆల్ఫాలో వచ్చిన మార్పు వాటాను 11 లక్షల ఎలక్ట్రాన్ వోల్ట్‌లతో గుణిస్తే రెజొనెన్స్ జరుగుబాటు వస్తుంది. తిప్పి చూస్తే, రెజొనెన్స్ 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ జరగడానికి ఆల్ఫా కోటిలో ఒక వంతు కన్నా తక్కువ మారితే చాలు.

అంత జరిగితే సమేరియానికి ఏమవుతుంది? పెద్ద కంప్యూటర్ కోడ్ ఏదీ అక్కర్లేకుండా ఒక్క రెజొనెన్స్‌తో చేతి లెక్క వేసి చూశాను. ఇప్పటిదాకా ఆకలి అన్నదాన్ని కొలిచే సంఖ్యే క్రాస్ సెక్షన్, దాని యూనిట్ బార్న్. శిఖరం దగ్గర అది సుమారు 1,30,000 బార్న్‌లు, వెడల్పు 0.061 ఎలక్ట్రాన్ వోల్ట్. ఈ రెండింటితో గది ఉష్ణోగ్రత న్యూట్రాన్‌కు లెక్క కడితే 40 వేల బార్న్‌ల దగ్గర వస్తుంది. ప్రయోగశాలలో కొలిచింది కూడా అంతే కాబట్టి పునాది బాగానే ఉంది. తర్వాత న్యూట్రాన్లు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉష్ణ సమతాస్థితిలో ఉన్నాయనుకుని సగటు తీశాను. నేటి స్థానంలో రెజొనెన్స్ ఉంటే 80 వేల బార్న్‌ల పైచిలుకు. దాన్ని 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ పైకి జరిపితే 30 వేల లోపుకు, అంటే దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కోటిలో ఒక వంతు కూడా కాని మార్పుకు ఫలితం మూడో వంతు. మామూలు ఇంజినీరింగ్‌లో ఇంత సున్నితత్వం ఎదురైతే డిజైన్ మార్చేస్తాం. ఇక్కడ అదే వరం.

రాతి వైపు నుంచి కూడా అదే అంకెను రాబట్టాలి. నమూనాలో ఉన్న సమేరియం అంతా రియాక్టర్‌ది కాదు, కొంత మొదటి నుంచీ రాతిలో ఉన్నది. దీన్ని వేరు చేసే కిటుకు సమేరియం-144. విచ్ఛిత్తిలో అది పుట్టదు. కాబట్టి నమూనాలో ఎంత 144 ఉందో చూస్తే సహజ సమేరియం ఎంత కలిసిందో తెలుస్తుంది, ఆ మేరకు తీసివేయవచ్చు. సహజ సమేరియంలో 149 వాటా 13.8 శాతం. రియాక్టర్ మండలాల మధ్యభాగంలోని ముక్కల్లో అది 1 శాతం లోపే. ఒక్లో ముక్కలు చూసిన మొత్తం న్యూట్రాన్ ధార చదరపు సెంటీమీటరుకు 10²¹ స్థాయిలో ఉంది. 90 వేల బార్న్‌ల ఆకలికి అది చాలా ఎక్కువ. సగటున ఒక్కో సమేరియం-149 పరమాణువుకు 90 సార్లు మింగే అవకాశం వచ్చినట్టు. అందుకని తొలినాటి సమేరియం-149 ఎప్పుడో కాలిపోయింది. మిగిలింది పుట్టేదానికీ పోయేదానికీ మధ్య కుదిరిన నిల్వ మాత్రమే, ప్రతి లక్ష యురేనియం-235 పరమాణువులకు పది లోపు. ఆ నిల్వ ఎంతన్నదే క్రాస్ సెక్షన్ ఎంతో చెబుతుంది. ఆకలి మూడో వంతే అయ్యుంటే నిల్వ మూడింతలు కనిపించాలి. ఐసోటోప్‌లను బరువుల వారీగా విడదీసి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ కళ్లు మూసుకుని పట్టేసే తేడా అది.

దామూర్, డైసన్ పాత నమూనాల నుంచి తీసిన క్రాస్ సెక్షన్ 57 వేల నుంచి 93 వేల బార్న్‌ల మధ్య పడింది. రియాక్టర్ ఉష్ణోగ్రతను వాళ్లు 450 నుంచి 1000 డిగ్రీల దాకా విశాలంగా వదిలారు. ఫలితం: ఆల్ఫా కోటిలో సుమారు ఒక వంతుకు మించి ఏ వైపూ మారలేదు. 2000లో యసునోరి ఫుజీ బృందం గనిలో లోతు నుంచి తీసిన, బయటి కల్తీ తక్కువున్న నమూనాలతో మళ్లీ చేసింది. వాళ్ల క్రాస్ సెక్షన్ 91 వేల బార్న్‌లు, 6 వేలు అటూ ఇటూ. ఉష్ణోగ్రత 200 నుంచి 400 డిగ్రీలు. దాంతో ఆల్ఫా మారడానికి వీలున్న పట్టీ పది కోట్లలో ఒక వంతు స్థాయికి సన్నబడింది.

ఇక్కడే కేసులో నాకు అన్నిటికన్నా నచ్చిన చిక్కు ఉంది. ఫుజీ బృందానికి ఒక జవాబు కాదు, రెండు వచ్చాయి. ఒకటి సున్నాకు సర్దుకునే జవాబు. రెండోది ఆల్ఫా ఆనాడు కోటిలో 0.88 వంతు ఎక్కువగా ఉందనేది. కారణం చేతి లెక్కలోనే కనిపిస్తుంది. రెజొనెన్స్‌ను పైకి జరిపితే ఆకలి తగ్గుతుందని చూశాం. కిందికి జరిపితే మొదట పెరుగుతుంది, ఎందుకంటే న్యూట్రాన్లు గుమిగూడి ఉన్న శక్తికి అది దగ్గరవుతుంది. ఇంకా జరిపి గడప దగ్గరికి, అంటే సున్నాకు తెస్తే మళ్లీ పడిపోతుంది. 0.1 ఎలక్ట్రాన్ వోల్ట్ కిందికి జరిపి నేను లెక్కిస్తే 76 వేల బార్న్‌ల దగ్గర ఆగింది, నేటి విలువకు పక్కనే. శిఖరానికి ఇవతల ఒకసారి, అవతల ఒకసారి అదే ఎత్తు దొరికినట్టు. సమేరియం ఒక్కటే సాక్షి అయితే ఈ రెంటిలో ఏది నిజమో చెప్పలేం. అందుకే గాడొలీనియం-155, 157లను కూడా పిలిచారు. వాటి రెజొనెన్స్‌లు 0.027, 0.031 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర, వేరే చోట ఉంటాయి కాబట్టి ఒకే జరుగుబాటు వాటిని వేరే విధంగా తాకుతుంది. కల్తీ దిద్దుబాటు గాడొలీనియంలో పెద్దదైనా, మొగ్గు సున్నా జవాబు వైపే వచ్చింది. నన్నడిగితే ఈ రెండో జవాబు గురించి చెప్పకుండా ఒక్లో పరిమితిని ఉటంకించడం సగం కేసు చెప్పడమే.

2004లో ఇంకో మలుపు. లామొరో, టోర్గర్సన్ న్యూట్రాన్ల వర్ణపటాన్ని ప్రశ్నించారు. అప్పటిదాకా అందరూ న్యూట్రాన్లు పూర్తిగా ఉష్ణ సమతాస్థితికి వచ్చాయని అనుకున్నారు. నిజమైన రియాక్టర్‌లో అలా ఉండదు. వేగం తగ్గే దారిలో ఉన్న న్యూట్రాన్ల తోక ఒకటి పై శక్తుల వైపు సాగి ఉంటుంది. ఆ తోకను చేర్చి లెక్కిస్తే ఆల్ఫా పది కోట్లలో నాలుగున్నర వంతులు మారినట్టు, అదీ ఆరు సిగ్మా ఖచ్చితత్వంతో, అంటే కాకతాళీయమని కొట్టేయలేనంత గట్టిగా, తేలింది. రియాక్టర్ పని చేసేవాళ్లకు ఇది వెంటనే అర్థమయ్యే అభ్యంతరం. తోక ఉండాల్సిందే. అయితే తోక ఎంత పొడవన్నది నీరెంత, యురేనియం ఎంత, మధ్యలో న్యూట్రాన్లను మింగేవి ఎన్ని అన్న వాటి మీద ఉంటుంది. దాన్ని ఊహించి పెట్టకూడదు, లెక్కించి తీయాలి. 2006లో పెత్రోవ్ బృందం, గౌల్డ్ బృందం విడివిడిగా మండలాల రూపం, నీటి శాతం, రాతి కూర్పుతో సహా మాంటే కార్లో నమూనాలు (ఒక్కో న్యూట్రాన్ దారినీ పాచికలేసినట్టు అనుసరించే కంప్యూటర్ లెక్కలు) కట్టి న్యూట్రాన్ వర్ణపటాన్ని రాబట్టారు. మార్పు కనబడలేదు. గౌల్డ్ బృందం తేల్చిన హద్దులు: తగ్గితే పది కోట్లలో 1.1 వంతు, పెరిగితే 2.4 వంతులు. ఇవాళ నేను ఉటంకించేది ఆ పట్టీనే. చేతి లెక్కతో సున్నితత్వం అర్థమవుతుంది గానీ పరిమితి పెట్టడానికి అది పనికిరాదు.

వదులుగా ఉన్న మరలు రెండు. మొదటిది ఉష్ణోగ్రత. క్రాస్ సెక్షన్ సగటు దాని మీద ఆధారపడుతుంది కాబట్టి రియాక్టర్ ఎంత వేడిగా నడిచిందో తెలియాలి. దానికి వాడే ఒక థర్మామీటర్ లుటీషియం-176. 0.141 ఎలక్ట్రాన్ వోల్ట్ దగ్గర దానికి రెజొనెన్స్ ఉంది, వేడి పెరిగితే ఎక్కువ కాలిపోతుంది. బాగానే ఉంది, కానీ థర్మామీటర్ కూడా ఒక రెజొనెన్స్ మీదే కూర్చుంది! ఆల్ఫా కదిలి ఉంటే అదీ కదిలి ఉండాలి. రెండింటినీ కలిపి సాధించాలి తప్ప ముందు ఉష్ణోగ్రత తేల్చి తర్వాత ఆల్ఫాకు వెళ్లడం కుదరదు.

రెండో మర పెద్దది. మిగతావి స్థిరమన్న అనుకోలు. రెజొనెన్స్ స్థానం ఆల్ఫా మీదే కాదు, ప్రబల బలం తీవ్రత మీద, ప్రోటాన్, న్యూట్రాన్ల లోపలి కణాలైన క్వార్క్‌ల ద్రవ్యరాశుల మీద కూడా ఉంటుంది. అది కూడా గట్టిగానే. ఫ్లాంబామ్, షూర్యాక్ 2002లో చూపినట్టు ఆ వైపు నుంచి జరుగుబాటు ఇంకా ఎక్కువ రావచ్చు. బలాలన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయన్న మహా ఏకీకరణ సిద్ధాంతాల్లో ఆల్ఫా ఒక పాలు మారితే ప్రబల బలం కొలత పదుల రెట్లు మారాలి. అప్పుడు ఒక్లో పరిమితి ఇంకా బిగుసుకుంటుంది. లేదా రెండు మార్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుని కనబడకుండా పోవచ్చు. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. అలాంటి రద్దు జరిగిందని నమ్మడానికి నాకు కారణం కనబడదు. జరగలేదని ఒక్లో ఒక్కటే నిరూపించలేదు.

ఇంత చిన్న మార్పుల గోల ఎందుకు, ఆల్ఫా పెద్దగా మారితే ఏమవుతుందో చెప్పమని అడిగేవాళ్లు ఉంటారు. చెప్పొచ్చు. న్యూట్రాన్ ప్రోటాన్ కన్నా 1.293 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లు బరువు. ఈ తేడాలో రెండు వాటాలు ఉన్నాయని 2015 నాటి లాటిస్ లెక్కలు (స్థలకాలాన్ని గడులుగా విడగొట్టి కంప్యూటర్‌తో చేసేవి) విడదీసి చూపించాయి. విద్యుదావేశం ప్రోటాన్‌ను సుమారు ఒక మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ బరువెక్కిస్తుంది. క్వార్క్ ద్రవ్యరాశుల తేడా న్యూట్రాన్‌ను అంతకు రెట్టింపు పైన బరువెక్కిస్తుంది. ఆల్ఫా పెరిగితే మొదటి వాటా పెరిగి తేడా తగ్గుతుంది. మిగతావి కదలవనుకుంటే, ఆల్ఫా రెట్టింపు కాకముందే ఆ తేడా ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.511 కన్నా కిందికి పోతుంది. అప్పుడు హైడ్రోజన్ పరమాణువు నిలవదు. ప్రోటాన్ తన ఎలక్ట్రాన్‌ను మింగి న్యూట్రాన్ అయిపోతుంది. నీళ్లూ లేవు, సూర్యుడికి ఇంధనమూ లేదు.

గురుత్వాకర్షణ సంగతి కూడా క్లుప్తంగా. అది విశ్వం వయసుతో పాటు తగ్గుతోందని 1937లో డిరాక్ ఊహించారు. 1948లో ఎడ్వర్డ్ టెల్లర్ దానికి లెక్క కట్టారు. సూర్యుడి కాంతి గురుత్వ స్థిరాంకం ఏడో ఘాతంలో పెరుగుతుంది, భూమి కక్ష్య దగ్గరవుతుంది. రెండూ కలిస్తే భూమికి అందే వేడి తొమ్మిదో ఘాతంలో పెరుగుతుంది. స్థిరాంకం పది శాతం పెరిగితే వేడి రెండు రెట్లు దాటుతుంది. ఆ లెక్కన పాతకాలపు సముద్రాలు మరిగిపోయి ఉండాలి. రాళ్లలోని జీవ ఆనవాళ్లు అందుకు ఒప్పుకోవు.

కానీ ఈ నాటకీయ ఉదాహరణల్లో కొన్నిటిని నేను జాగ్రత్తగా చూస్తాను. కార్బన్ కథనే తీసుకుందాం. మూడు హీలియం కేంద్రకాలు కలిసి కార్బన్ కావాలంటే కార్బన్-12లో 7.65 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఒక స్థాయి ఉండాలని ఫ్రెడ్ హోయ్ల్ 1953లో చెప్పారు, కాల్‌టెక్‌లో వెతికితే దొరికింది. మూడు హీలియంల గడపకు ఆ స్థాయి 0.38 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ పైన ఉంది. పది కోట్ల కెల్విన్ దగ్గర ఆ స్థాయిని 0.01 పైకి జరిపితే చర్య వేగం మూడింతలు తగ్గుతుంది, 0.1 జరిపితే లక్ష రెట్లు. ఇక్కడ చాలామంది ఆగిపోయి కార్బన్ లేదని తేల్చేస్తారు. నక్షత్రం ఊరుకోదు. చర్య మందగిస్తే కేంద్రం కుంచించుకుని వేడెక్కుతుంది. ఈ చర్య ఉష్ణోగ్రతకు సుమారు నలభయ్యో ఘాతంలో స్పందిస్తుంది కాబట్టి కాస్త వేడి పెరిగితే లోటు భర్తీ అవుతుంది. 1989లో మారియో లివియో బృందం నక్షత్ర నమూనాలు నడిపితే 0.06 జరుగుబాటుకు కార్బన్ ఉత్పత్తి పెద్దగా చెడలేదు. ఆ తర్వాత 2000లో ఓబర్‌హుమ్మర్ బృందం ప్రబల బలాన్ని అర శాతం మారిస్తే కార్బనో ఆక్సిజనో బాగా దెబ్బతింటుందని చూపింది. రెండూ కలిపి చదవాలి. రెండు ప్రోటాన్లు అతుక్కుంటే నక్షత్రాలు పేలిపోతాయన్న పాత భయం కూడా ఇంతే. 2015లో లూక్ బార్న్స్ ఆ నక్షత్రాలను లెక్కగట్టి చూస్తే అవి చల్లగా, నిలకడగా మండుతాయని తేలింది.

ఒక్లో నాకు నచ్చేది ఇందుకే. అక్కడి రియాక్టర్ కూడా తనను తాను సర్దుకునేదే. ఆల్ఫా కొద్దిగా మారినా నీరు కాస్త ఎక్కువో తక్కువో ఆవిరై మళ్లీ నడిచేది, రియాక్టర్ నడిచిందన్న మాటలో ఏ సమాచారమూ ఉండేది కాదు. సమేరియానికి ఆ సర్దుబాటు లేదు. అది వచ్చిన న్యూట్రాన్లను తన ఆకలి కొద్దీ మింగి లెక్క రాసుకుంది, అంతే. స్థిరాంకం మారిందా అని వెతికేవాళ్లు చూడాల్సింది నక్షత్రాలు ఆరిపోయే చోట కాదు. రెండు పెద్ద శక్తులు దాదాపు రద్దయి చిల్లర మిగిలే చోట, ఆ చిల్లరను సర్దే యంత్రాంగం లేని చోట.

మిగతా సాక్షులతో ఒక్లో వాంగ్మూలం కలుస్తుందా? 1999 నుంచి జాన్ వెబ్ బృందం కెక్ టెలిస్కోప్‌తో దూరపు క్వేజార్ల (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) కాంతిలో లోహాల గీతలు కొలిచి, ఆల్ఫా ఒకప్పుడు లక్షలో సుమారు 0.57 వంతు తక్కువగా ఉండేదని చెబుతూ వచ్చింది. 2011లో చిలీలోని టెలిస్కోప్‌తో ఆకాశంలో ఇంకోవైపు చూస్తే గుర్తు తారుమారైంది. ఆల్ఫా దిక్కును బట్టి మారుతుందన్న మాట వచ్చింది. 2015లో విట్‌మోర్, మర్ఫీ గ్రహశకలాల మీద పడిన సూర్యకాంతినీ, సూర్యుడి లాంటి నక్షత్రాలనూ అవే పరికరాలతో చూసి, తరంగదైర్ఘ్యాల కొలమానంలోనే వంకర ఉందని చూపించారు. 2022లో ఎస్ప్రెసో పరికరంతో ఒక క్వేజార్‌ను చూస్తే పది లక్షలకు ఒకటి రెండు వంతుల ఖచ్చితత్వంతో మార్పు కనబడలేదు. ప్రయోగశాలలో పరమాణు గడియారాలు ఇంకా ముందుకెళ్లాయి. జర్మనీలో యిటర్బియం అయాన్ గడియారాలతో 2021లో వచ్చిన పరిమితి ఏడాదికి 10⁻¹⁸ స్థాయి. ఒక్లో పట్టీని 200 కోట్ల ఏళ్లకు సమానంగా పంచితే ఏడాదికి అంతకు సుమారు పది రెట్లు వదులుగా వస్తుంది. 1972 నాటి రాతిముక్క ఇప్పటి అత్యుత్తమ గడియారానికి దరిదాపుల్లో నిలవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తర్వాతి సాక్షి థోరియం-229. దాని కేంద్రకంలో మొదటి ఉత్తేజిత స్థాయి 8.4 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గరే ఉంది. లక్షల వోల్ట్‌ల స్థాయి శక్తులు రద్దయి మిగిలిన చిల్లర, సమేరియం లాంటిదే. 2024లో దాన్ని లేజర్‌తో ఉత్తేజపరిచి, స్ట్రాన్షియం గడియారంతో పోల్చి పౌనఃపున్యం కొలిచారు. ఆల్ఫా మార్పును అది వేల రెట్లు పెంచి చూపుతుందని అంచనా. ప్రబల బలం వైపు మార్పుకు కూడా స్పందిస్తుంది కాబట్టి, పరమాణు గడియారాలతో కలిపి చూస్తే ఒక్లోలో విడదీయలేని ఆ రెండు తెలియనివాటిని నేటి కాలానికి విడదీయవచ్చు.

ఒక్లో వైపు మిగిలిన పని చిన్నది, ఎవరూ పెద్దగా గొప్పగా చెప్పుకోనిది. లుటీషియం-175 న్యూట్రాన్‌ను పట్టినప్పుడు ఎంత భాగం లుటీషియం-176 మూల స్థితికి, ఎంత భాగం సుమారు మూడున్నర గంటల అర్ధాయువుతో క్షీణించే ఐసోమర్‌కు (అదే కేంద్రకపు ఉత్తేజిత రూపానికి) పోతుందో ఉష్ణ శక్తుల దగ్గర ఇంకా గట్టిగా కొలవాలి. థర్మామీటర్ చదివే అంకె ఆ పంపకం మీదే ఆధారపడి ఉంది. ఆ కొలత వస్తే సమేరియం, గాడొలీనియం, లుటీషియం మూడింటినీ ఒకే జరుగుబాటుతో, ఒకే ఉష్ణోగ్రతతో కలిపి సాధించి, ఆ రెండో జవాబును పూర్తిగా కొట్టేయొచ్చో లేదో చూడాలి.